నల్లరేగడిలో పెరటి కొలను: తక్కువ ఖర్చుతో చేసిన ఒక పని వివరాలు

నేపథ్యం

ఈ కేసు పల్నాడు ప్రాంతంలోని ఒక పట్టణంలో, 300 గజాల లోపు స్థలంలో కట్టుకున్న సొంత ఇంటి పెరటికి సంబంధించినది. కుటుంబాన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసివేశాను. నేల స్వభావం, కొలతలు, ఖర్చులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ పనిలో నేర్చుకోదగినదంతా వాటిలోనే ఉంది.

ఇంట్లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు, భర్త తల్లి, 4 ఏళ్ల బాబు ఉంటారు. కొలను కోరిక పెద్దావిడది. తెల్ల కలువలు, నాలుగు చేపలు, సాయంత్రం పూట పక్కన కూర్చోవడానికి ఒక బండ ఉంటే చాలని ఆమె అడిగారు. పెరడు 22 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఉంది. తూర్పు మూలన పెద్ద వేపచెట్టు ఉంది. నేల అచ్చమైన నల్లరేగడి. వేసవిలో పెరటి గోడ వెంట నెర్రెలు కనిపిస్తాయి, వాన పడితే చెప్పులు కూరుకుపోతాయి. నీటికి రెండు ఆధారాలున్నాయి: రోజు విడిచి రోజు వచ్చే మున్సిపల్ కుళాయి, ఇంటి బోరు. బోరు నీళ్లు గిన్నెలకు తెల్లని చారలు పట్టేంత గట్టివి. మీటరుతో చూస్తే టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, లీటరుకు 1,500 మిల్లీగ్రాములు దాటింది.

నన్ను పిలిచేనాటికే ఈ కొలను మీద ₹18,000 ఖర్చయి ఉంది. ముందటి ఏడాది జనవరిలో ఒక మేస్త్రీ వేపచెట్టు నీడలో 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో సిమెంటు తొట్టి కట్టారు. గోడలు నాలుగున్నర అంగుళాల ఇటుక కట్టుబడి, అడుగున కంకర కాంక్రీటు, లోపల ప్లాస్టరింగు. ఎక్కడా ఇనుము వేయలేదు. ఏప్రిల్‌లో ఒక పక్క గోడ పగిలింది. వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపి పూత పూశారు. వానలు పడ్డాక ఆ పూత పక్కనే మరో పగులు వచ్చింది. దానికీ పూత పడింది. రెండో వేసవి మే నెలలో విషయం నా దగ్గరకు వచ్చింది.

ఎదురైన సమస్య

వాళ్లు చెప్పినవి నాలుగు ఇబ్బందులు. నీళ్లు నిలవడం లేదు. ఉన్న నీళ్లు పచ్చగా మారుతున్నాయి. తెచ్చిన చేపలు వారం తిరక్కముందే చచ్చిపోతున్నాయి. దోమలు పెరిగాయని పక్కింటివాళ్లు గొడవ పడుతున్నారు. "అమ్మగారూ, ఇంకో పట్టు గట్టిగా వేస్తే ఇక కదలదు" అని మేస్త్రీ నచ్చజెబుతున్నారు. కోడలు మాత్రం ఇక సిమెంటు మీద ఒక్క రూపాయి కూడా పెట్టనని తేల్చేశారు. చేతిలో ఉన్న సొమ్ము ₹15,000. అంతకు మించి ఇవ్వలేమని మొదటే చెప్పారు. ఈ స్పష్టత పనికి మేలు చేసింది, ఎందుకంటే సొమ్ముకు హద్దు తెలిస్తేనే దేనికి ముందు ఖర్చు పెట్టాలో ఆలోచించగలం.

నాలుగు ఇబ్బందులకూ నాలుగు మందులు అమ్మేవాళ్లు ఉన్నారు. పగులుకు పూత, పచ్చదనానికి నాచు మందు, చేపల కోసం నీటిలో కలిపే కండిషనర్, దోమలకు మరో మందు. అలా విడివిడిగా వెళ్లే ముందు నాలుగింటికీ మూలం ఒకటే కావచ్చునా అన్నది చూడాలనిపించింది. అందుకు కావలసిన పరీక్షలకు ఖర్చేమీ లేదు.

మొదటిది బకెట్ పరీక్ష. ఒక బకెట్‌లో నీళ్లు పోసి, లోపలి మట్టం తొట్టి నీటి మట్టానికి సమానంగా ఉండేలా తొట్టిలోనే ఇటుకల మీద నిలబెట్టాం. రెండింటికీ ఒకే ఎండ, ఒకే గాలి తగులుతాయి కనుక బకెట్‌లో ఎంత తగ్గితే అంత ఆవిరి అన్నమాట. తొట్టిలో అంతకు మించి తగ్గినది కారుతున్న నీరు. ఒక రోజు గడిచేసరికి బకెట్‌లో 9 మిల్లీమీటర్లు, తొట్టిలో 35 మిల్లీమీటర్లు తగ్గాయి. 40 చదరపు అడుగుల తొట్టిలో 35 మిల్లీమీటర్లంటే సుమారు 130 లీటర్లు. అందులో వంద లీటర్ల దాకా నేలలోకి పోతోంది. ఆ ఇంట్లో మాత్రం అదంతా ఎండకు ఎగిరిపోతోందని అనుకుంటున్నారు. వేసవిలో నీళ్లు తగ్గితే ఎండ మీదకు నెట్టేయడం చాలా ఇళ్లలో చూశాను, అందుకే ఈ పరీక్ష లేకుండా ఏ పనీ మొదలుపెట్టను.

రెండోది, పై నుంచి నీళ్లు పోయడం ఆపి మట్టం ఎక్కడ ఆగుతుందో చూడడం. అంచు నుంచి 9 అంగుళాలు దిగాక తొట్టి కూడా బకెట్‌తో సమానంగానే తగ్గడం మొదలైంది. అంటే కారే చోటు ఆ ఎత్తులోనే ఉంది, అడుగు గట్టిగానే ఉంది. ఆ ఎత్తులో గోడ బయటి వైపు మట్టి తవ్వి చూస్తే గోడకూ నేలకూ మధ్య వేలు దూరేంత సందు కనిపించింది. ఎండకు నేల ముడుచుకుని గోడను వదిలేసింది. వెనక ఆసరా లేని గోడను లోపలి నీళ్లు బయటికి తోస్తున్నాయి. వానాకాలంలో అదే నేల ఉబ్బి గోడను లోపలికి నెడుతుంది. ఇలా ఏడాదికోసారి అటూ ఇటూ కదిలే గోడ మీద వేసిన పూత ఎంత మంచిదైనా పగలక తప్పదు.

మూడోది మట్టి పరీక్ష. నిర్మాణాల కోసం మట్టిని పరీక్షించే ఇంజనీరింగ్ ప్రయోగశాలల్లో స్వేచ్ఛా ఉబ్బు సూచిక పేరుతో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం. జల్లెడ పట్టిన ఎండు మట్టిని రెండు గాజు గ్లాసుల్లో సమానంగా వేసి, ఒకదానిలో నీళ్లు, ఇంకొకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెంటి ఎత్తుల తేడాయే ఆ నేల గుణం. ఇక్కడ నీళ్ల గ్లాసులోని మట్టి కిరోసిన్ గ్లాసులోని దానికి దాదాపు రెట్టింపు ఎత్తు లేచింది. మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువగా ఉండడం వల్ల నల్లరేగడికి ఈ గుణం వస్తుంది. లోతైన నల్లరేగడి ఉన్న చోట ఇళ్లకు అండర్ రీమ్డ్ పైల్స్, అంటే కింది భాగం ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు, వేసేటప్పుడు కనీసం 3.5 మీటర్ల లోతుకు దించుతారు. నేల కదలిక అంత లోతు వరకూ ఉండే చోట, 2 అడుగుల లోతున్న ఇనుములేని ఇటుక గోడ నిలవకపోవడంలో మేస్త్రీ పనితనాన్ని తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

ఇక చేపల సంగతి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ పట్టీ ముంచితే రంగు 9 దగ్గరకు వచ్చింది. కొత్త సిమెంటు నుంచి ఊరే సున్నం పీహెచ్‌ను పెంచుతుంది. పూత మీద పూత వేసిన ప్రతిసారీ సిమెంటు మళ్లీ కొత్తదే అవుతోంది. చేపల విసర్జనల నుంచి వచ్చే అమ్మోనియాలో విషపూరితమైన భాగం, 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే ఒక శాతం లోపే ఉంటుంది; పీహెచ్ 9కి చేరితే మూడో వంతు దాటుతుంది. దీనికి తోడు కారిన నీటికి బదులుగా రోజూ మున్సిపల్ నీళ్లు నేరుగా గొట్టంతో పోస్తున్నారు. అందులోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీయడమే కాక, అమ్మోనియాను హాని తక్కువగా ఉండే నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను కూడా స్థిరపడనివ్వదు. వేపాకు రాలి అడుగున కుళ్లుతోంది. ఆ పోషకాలే పచ్చదనానికి ఆహారం. చేపలు బతకవు కనుక దోమ పిల్లలను తినేవాళ్లు లేరు. ఈ విధంగా నాలుగు ఇబ్బందులూ తిరిగి తిరిగి ఆ పగులు దగ్గరికీ, చెట్టు కింద ఎంచుకున్న చోటు దగ్గరికీ చేరాయి.

ప్రయత్నించినవి, పనిచేయనివి

ముందున్న దారులను ఒక్కొక్కటిగా తూచి చూశాం. నల్లమట్టి తీసివేసి, మొరం నింపి, ఇనుముతో కాంక్రీటు తొట్టి పోయించడం ఇంజనీరింగ్ పరంగా గట్టి మార్గమే. కానీ ఆ ఖర్చు వారి సొమ్ముకు మూడింతలు దాటుతుంది. ఫైబర్ తొట్టి తేలిక. కానీ ఆ ధరలో దొరికేది స్నానపు తొట్టెంత ఉంటుంది, దానికి తోడు లారీ కిరాయి. పల్లెల్లో చెరువులు నల్లమట్టి మీదే నీళ్లు నిలుపుతున్నాయి కదా, ఇక్కడ మట్టినే తొక్కించి కొలను చేయవచ్చు కదా అని పెద్దావిడ అడిగారు. మంచి ప్రశ్నే. తడిసిన నల్లమట్టి నీటిని చక్కగా ఆపుతుంది. అది ఎండినప్పుడే నెర్రె తీస్తుంది. చెరువు విస్తీర్ణంలో ఎండే అంచు కొద్ది భాగం. 40 చదరపు అడుగుల కొలనులో అంచే ఎక్కువ భాగం, మట్టం నాలుగు అంగుళాలు తగ్గినా గట్టు చుట్టూ నెర్రె తీస్తుంది. అందుకని ఆ ఆలోచన వదులుకున్నాం.

మిగిలింది షీటు. ఉన్న తొట్టిని పెట్టెలా వాడుకుని లోపల షీటు పరిస్తే తవ్వకం ఖర్చు మిగులుతుంది. గోడ కదిలినా షీటు వంగుతుంది కనుక కారకూడదు. తొట్టి కొలతలకు 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువున్న) టార్పాలిన్ సరిపోయింది. అడుగున గోనెసంచులు పరిచి, మూలల్లో మడతలు పెట్టి, అంచులను ఇటుకలతో బిగించాం. మొత్తం ₹2,800 అయింది. మొదటి వానలకు ముందే పని ముగిసింది. బకెట్ పరీక్ష మళ్లీ చేస్తే తొట్టిలోనూ బకెట్‌లోనూ తగ్గుదల సమానంగా వచ్చింది. అంతవరకు లెక్క సరిపోయింది.

ఆగస్టు వానల్లో ఆ లెక్క మారింది. పగుళ్ల గుండా బయటి నీళ్లు తొట్టి గోడకూ షీటుకూ మధ్య చేరాయి. గోనెసంచులు కుళ్లి వాయువు కూడా పుట్టింది. ఒక ఉదయం చూసేసరికి షీటు నడిమధ్య పూరీలా పొంగి, కలువ కుండీ పక్కకు ఒరిగి ఉంది. లోపలి నీటి బరువు కంటే కింది నీటి ఒత్తిడి ఎక్కువైతే ఇలాగే జరుగుతుంది. అప్పటికి శుభ్రం చేద్దామని ఇంట్లోవాళ్లు సగం నీళ్లు తోడేసి ఉండడం దానికి తోడైంది. షీటును మళ్లీ అణిచి పెట్టగలిగాం గానీ, సెప్టెంబరులో పందికొక్కు ఇటుకల సందులోంచి దూరి అంచు కొరికింది. అక్టోబరుకు వేపాకు, వేపపుల్లలు పేరుకుని అడుగున నల్లటి బురద వేళ్ల మందాన చేరింది. దాన్ని కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది.

ఈ దశ వృథా కాలేదు. షీటు అనే నిర్ణయం సరైనదేనని బకెట్ తేల్చింది. దెబ్బతీసినవి షీటు కింద నీటికి దారి లేకపోవడం, నిలువు గోడలు, అంచు, చెట్టు. ఈ నాలుగింటిలో ఏదీ పాత తొట్టిలో ఉండి సరిచేయగలిగినది కాదు. అందుకే మిగిలిన ₹12,200తో కొత్త చోట మొదలుపెట్టడమే చవక అని కుటుంబానికి చెప్పాను. పాత తొట్టిని పగలగొట్టవద్దన్నాను. కూలికి, శిథిలాలు ఎత్తించడానికి అయ్యే సొమ్ముతో కొత్త కొలనుకు షీటు వస్తుంది.

పనిచేసినది

తవ్వకం నవంబరు చివరికి వాయిదా వేశాం. మేలో నల్లరేగడి రాయిలా ఉంటుంది, ఆగస్టులో పారకు అంటుకుంటుంది. వానలు వెనకపట్టాక నేల పదునులో ఉన్న ఆ కొద్ది వారాల్లో తవ్వితే సగం కూలితో పని అవుతుంది, గట్లు కూడా కోసినట్టు నిలుస్తాయి. చోటు ఎంపికలో మూడు షరతులు పెట్టుకున్నాం: ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరం, వేప కొమ్మల కింద కాకుండా, ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ఎండ పడే చోటు. కలువ పూయాలంటే రోజుకు 5, 6 గంటల ఎండ కావాలి. పడమటి ఎండ మాత్రం ఇంటి గోడ నీడతో తప్పింది.

ఆకారం కోడిగుడ్డు వాటంగా, 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నడిమధ్య 2 అడుగుల లోతు. చుట్టూ 9 అంగుళాల లోతులో ఒక మెట్టు వదిలాం, కుండీలు పెట్టడానికి. గోడలు నిలువుగా కాకుండా ఏటవాలుగా చెక్కించాం. ఏటవాలు గట్టు మీద షీటుకు మడతలు తక్కువ పడతాయి, నేల ఉబ్బినా తోపు ఒకే చోట పడదు. లెక్కకు నీళ్లు సుమారు 1,700 లీటర్లు.

షీటు కొలత కట్టేటప్పుడు చాలామంది లోతును ఒక్కసారే కలుపుతారు. పొడవుకు రెండింతల లోతు, రెండు వైపులా అడుగున్నర చొప్పున అంచు కలపాలి: 9, 4, 3 కలిపితే 16 అడుగులు, వెడల్పు వైపు 6, 4, 3 కలిపితే 13. ఇందుకు 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) మందం ఉన్న హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటును ఎంచుకున్నాం. టార్పాలిన్ కంటే ఇది బిరుసు, మడవడం కష్టం. కానీ టార్పాలిన్ అల్లిక మీద ప్లాస్టిక్ పొర అంటించినది, కత్తిరించిన అంచున ఆ పొర కాలక్రమంలో విడిపోవచ్చు. ఏటవాలు గట్టు ఉన్నందున బిరుసు షీటుతో ఇబ్బంది లేదనిపించింది. పొలాల్లో నీటి కుంటలకు ఇదే మందం షీటు వాడతారు. అలాంటి కుంటలు వేసేవారి దగ్గర మిగిలిపోయిన 18×15 అడుగుల ముక్క ₹2,600కు దొరికింది. పరిచే ముందు రెండు గంటలు ఎండలో పెడితే మెత్తబడి మాట వింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం షీటు కింది పని మీద పెట్టాం. తవ్విన గుంటను మరో 6 అంగుళాలు లోతు చేసి మొరం పోసి దిమ్మిస కొట్టించాం. దాని మీద 3 అంగుళాల రాతి డస్ట్ వేశాం. ఆ మొరంలో చిల్లులు పొడిచిన పీవీసీ పైపు ఒకటి పడుకోబెట్టి, దాని చివర గట్టు మీదకు నిలువుగా తెచ్చి మూత పెట్టాం. షీటు కిందికి నీళ్లు చేరితే ఆ పైపులో కనిపిస్తాయి. చిన్న పంపు దింపి తోడేయవచ్చు. పైపుకైన ఖర్చు ₹450. మొదటి ప్రయత్నంలో ఇది లేకపోవడమే షీటు లేవడానికి కారణం కనుక, సొమ్ము ఎంత తక్కువైనా దీన్ని తగ్గించకూడదని నిర్ణయించుకున్నాం.

డస్ట్ మీద పాత ఫ్లెక్సీలు రెండు వరుసలు పరిచాం. గోనెలా కుళ్లవు, రాయి గుచ్చుకోకుండా అడ్డుపడతాయి, ఎన్నికలైన ఊళ్లో కొదవ ఉండదు. ముఖాలు కిందికి తిప్పి పరవమని పెద్దావిడ ప్రత్యేకంగా చెప్పారు. పందికొక్కుల కోసం గట్టు చుట్టూ అడుగు లోతు చాలు తీసి, అర అంగుళం కన్నుల ఇనుప జాలీని నిలువుగా పాతిపెట్టాం.

షీటు పరిచే ముందు అంచు మట్టం చూడడం ఈ పనిలో కీలకమైన ఘట్టం. నీళ్లు నింపిన సన్నటి గొట్టంతో, మేస్త్రీలు ట్యూబ్ లెవెల్ అనేదానితో, గట్టు చుట్టూ మేకులు కొట్టి ఒకే మట్టానికి తెచ్చాం. కంటికి సమంగా కనిపించిన గట్టులో ఒక మూల ముప్పావు అంగుళం పల్లంగా ఉంది. నేల మీద ఆ తేడా ఎవరికీ పట్టదు. నీళ్లు నిండాక మాత్రం ఒక పక్క నల్లటి షీటు పట్టీలా బయటపడుతుంది, రెండో పక్క నీళ్లు పొర్లుతాయి. షీటు వేశాక దాన్ని సరిచేయాలంటే మళ్లీ అంతా ఎత్తాలి. చుట్టుపక్కల నేల కంటే గట్టును 4 అంగుళాలు ఎత్తు చేశాం, పెరటి వాననీరు, ఎరువు కలిసిన బురద లోపలికి రాకుండా. అంచు మీద సిమెంటు వాడలేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి ముక్కలను మొరం పట్టీ మీద, ఇసుకలో వదులుగా పేర్చాం. నేల కదిలితే అవి కూడా కదులుతాయి, మళ్లీ సర్దుకోవచ్చు.

బాబు ఉన్నాడు కనుక నీటి మట్టానికి 3 అంగుళాల కింద, మెట్టు మీద ఆనేలా, 2 అంగుళాల కన్నుల వెల్డ్ మెష్ చట్రం పెట్టించాం. దానికి ₹2,100 అయింది. ఇంటాయన దాన్ని తర్వాత చూద్దామన్నారు. అది లేకుండా నీళ్లు నింపనని చెప్పాను. 2 అడుగుల నీళ్లు పసివాడి ప్రాణానికి ముప్పే. కలువ ఆకులు ఆ కన్నుల్లోంచి పైకి వచ్చి పరుచుకున్నాక చట్రం కంటికి ఆనలేదు.

నీళ్లు, మొక్కలు, చేపలు

మొదట మున్సిపల్ నీళ్లు నింపి, చేపలు వేయకుండా వదిలేశాం. మూడు ప్లాస్టిక్ టబ్బుల్లో కలువలు పెట్టాం. గోడను పగలగొట్టిన ఆ నల్లమట్టే కలువకు మంచి ఆధారం. బరువుగా ఉంటుంది, నీళ్లలో చెదరదు. అందులో వర్మీకంపోస్టు కలపాలని ఇంట్లో పట్టుబట్టారు. కలిపితే పోషకాలు నీళ్లలోకి ఊరి నీళ్లు పచ్చబడతాయి కనుక వద్దన్నాను. పైన చిన్న కంకర పరిచాం.

అయినా మూడో వారానికి నీళ్లు పచ్చబడ్డాయి. నీళ్లు మార్చేద్దామన్నది అందరి మొదటి మాట. కొత్త కొలనులో ఇది సహజం. మార్చిన ప్రతిసారీ కొత్త లవణాలు, కొత్త క్లోరిన్ వచ్చి మళ్లీ మొదటికి వస్తుంది. మార్చకుండా, నీటి పైన తేలే అంతరతామర మొక్క కొంత వదిలి, పెరిగినదాన్ని వారం వారం సగం తీసి కంపోస్టు గుంటలో వేయమన్నాను. మొక్క తిన్న పోషకం మొక్కతో పాటు బయటికి పోవాలి కదా. గుర్రపుడెక్క ఊరి కాలువలో ఉచితంగా దొరుకుతుంది, పనీ చేస్తుంది. కానీ ఒక్క ముక్క డ్రెయినేజీలో పడితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, అందుకే దాన్ని రానివ్వలేదు. కలువ ఆకులు సగానికి పైగా నీటిని కప్పేసరికి అడుగు కనిపించసాగింది.

దోమల కోసం మున్సిపాలిటీ మలేరియా సిబ్బంది గంబూసియా చేపలు ఇస్తామన్నారు. 1928లో మన దేశానికి తెచ్చిన ఈ చేప దోమ పిల్లలను తింటుంది గానీ, ఇతర చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా వదలదు. కొలను పొర్లితే కాలువలోకి పోయే వీలుంది. బదులుగా అదే కాలువలో దొరికే ఆప్లోకైలస్ చేపలను తెచ్చాం. తల మీద వెండి చుక్క మెరుస్తూ, ఎప్పుడూ నీటి పై పొరనే తిరుగుతుంది ఈ చిన్న చేప. దోమ పిల్ల ఊపిరికి వచ్చేది కూడా అక్కడికే. పక్కింటివాళ్లను పిలిచి, తెల్లటి మగ్గుతో కొలనులో నాలుగు పక్కలా ముంచి చూపించాం, ఒక్క పిల్ల కూడా పడలేదు. పెరటి మూలలో మిగిలిన ఫ్లెక్సీ మడతలోనూ, పాత కొబ్బరి చిప్పల్లోనూ మాత్రం బోలెడన్ని కనిపించాయి. గొడవ అక్కడితో తీరింది.

పంపు విషయంలో ఖర్చు తగ్గించాం. 35 వాట్ల చిన్న మునిగే పంపు, ఇటుక ముక్కలు, పాత నైలాన్ వల నింపిన పెయింటు బకెట్ ఫిల్టరు. రోజంతా నడపడం లేదు. వేసవిలో రాత్రి నుంచి తెల్లవారే వరకు నడుపుతారు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములు దాటితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. పైగా రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. అందుకే చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేది తెల్లవారుజామునే. పంపు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, పెట్టించాం.

రెండో దశ ఖర్చు ఇలా తేలింది: తవ్వకం కూలి ₹1,700, మొరం, డస్ట్ ₹1,400, షీటు ₹2,600, జాలీ ₹700, పైపు ₹450, వెల్డ్ మెష్ ₹2,100, మొక్కలు ₹600, పంపు, ఆర్‌సీసీబీ ₹2,400. మొత్తం ₹11,950.

తర్వాతి వేసవిలోనూ, వానల్లోనూ

మే నెలలో బకెట్ పరీక్ష మళ్లీ చేయించాను. బకెట్‌లోనూ కొలనులోనూ తగ్గుదలలో తేడా కనిపించలేదు. రోజుకు రెండు మూడు బిందెల నీళ్లు ఆవిరవుతున్నాయి. వాటికి బదులుగా బోరు నీళ్లు పోస్తే లవణాలు పేరుకుంటాయి, ఎందుకంటే ఆవిరైపోయేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. కుళాయి నీళ్లు డ్రమ్ములో పట్టి, క్లోరిన్ పోయేలా మూత తీసి రెండు రోజులు ఉంచి పోయడం అలవాటు చేశాం. వానాకాలంలో డాబా నీళ్లు అదే డ్రమ్ములోకి మళ్లించారు.

జులై వానలకు నిలువు పైపులో నీళ్లు కనిపించాయి. కొలను నిండుగా ఉన్నందున షీటు లేవలేదు. అయినా ఒకసారి తోడించాం. వానాకాలంలో కొలను ఖాళీ చేయకూడదన్న నియమం వారికి రాసి ఇచ్చాను, శుభ్రం చేయాలంటే ఫిబ్రవరిలో చేసుకోవాలి. నాపరాళ్లలో మూడు పక్కకు ఒరిగితే పెద్దావిడే ఇసుక వేసి సర్దారు. పగిలిన పాత తొట్టిలో మట్టి నింపి మెట్టతామర, చేమ నాటారు. కొలను పొర్లిన నీళ్లు ఇప్పుడు అందులోకి పోతున్నాయి. అది కారడం అక్కడ ఇబ్బందేమీ కాదు.

ఈ పద్ధతి అన్ని నేలలకూ పనికిరాదు. మొరం నేల, ఎర్రనేల ఉన్న చోట కదలిక తక్కువ కనుక షీటు కింద ఇంత తయారీ అక్కర్లేదు. డస్ట్, ఫ్లెక్సీ చాలు. డెల్టాలో, ముఖ్యంగా భూగర్భజలం రెండు మూడు అడుగుల్లోనే ఉండే కోనసీమ వంటి చోట, గుంట తవ్వితే ఏడాది పొడవునా కింది నీటితో పోరాటమే. అక్కడి వారు అడిగినప్పుడు తవ్వవద్దనే చెబుతున్నాను. బావులకు వాడే సిమెంటు వరలు నేల మీద రెండు వరుసలు పేర్చి, లోపల ఇదే షీటు పరిస్తే సరిపోతుంది.